నొప్పి లేని గడ్డ



ఈ మాసము నేను వ్రాయు సంగతి మన సంఘములలో బిగ్గరగా పలుకు అలవాటు లేనిది. పురుషులు ఇది తమకు కాదని పుట త్రిప్పివేయవద్దు. చదువురాని తల్లులున్న యిండ్లలో కుమార్తెలో కోడండ్రో దీనిని చదివి వినిపించవలెనని వేడుకొనుచున్నాను. నేను బోధించుటకు కాదు, మొదట ఒక తప్పును ఒప్పుకొనుటకు వ్రాయుచున్నాను.

అది 2017వ సంవత్సరము డిసెంబరు నెల. పొలములలో పత్తి తీతలు ముమ్మరముగా సాగుచుండెను. ఆదివారపు ఆరాధన ముగిసి జనులు వెళ్లిపోయిన పిమ్మట నేను సంఘపెద్దలచేత కానుక లెక్క వ్రాయించుచుంటిని. గుమ్మము దగ్గర ఒక సహోదరి నిలిచియుండెను. ఆమె పేరు వ్రాయను. ఆమెకప్పుడు నలుబదియారేండ్లు. కూలి చేసి ముగ్గురు బిడ్డలను పెంచినది. మా సంఘములో పాట ఎత్తునది ఆమెయే. హార్మోనియము వాయించువాడు రాని దినమునను శ్రుతి తప్పనిది. లెక్క ముగిసి పెద్దలు లేచువరకు వేచియుండి, కొంగు నిండుగా కప్పుకొని, నేల చూచుచు ఇట్లనెను:

"అయ్యగారూ, ఇక్కడ ఎదలో చిన్న గడ్డలాగా చేతికి తగులుతోందండి. నొప్పేం లేదు. కాస్త ప్రార్థన చెయ్యండి."

నేనును నేలయే చూచితిని. నాకు సిగ్గు కలిగెను. ఆ మాట త్వరగా ముగిసిపోవలెనని తోచెను. "నొప్పి లేదు గదమ్మా, భయపడకు. వేడిగడ్డ అయి ఉంటుంది, అదే తగ్గిపోతుంది" అని చెప్పి, తలమీద చేయి ఉంచి ప్రార్థించి పంపివేసితిని. రెండు నిమిషములు పట్టెనేమో. ఆ దినము కానుక ఎంత వచ్చెనో నాకు నేటికిని జ్ఞాపకమున్నది. ఆ గడ్డ ఏ వైపున ఉన్నదో మాత్రము నేను అడుగనేలేదు.

దైవజ్ఞాన కళాశాలలో నాకు గ్రీకు క్రియలు నేర్పిరి. ప్రసంగమును విభజించుట నేర్పిరి. మరణపడక మీదనున్న వానితో ఏమి మాటలాడవలెనో కూడ నేర్పిరి. ఒక స్త్రీ వచ్చి రొమ్ములో గడ్డ యున్నదని చెప్పినయెడల కాపరి ఏమి చేయవలెనో ఎవరును నేర్పలేదు. కాని నేను నా గురువులను నిందించను. నాకును తల్లి యుండెను, అక్కచెల్లెండ్రు ఉండిరి. మాట వినుటకు కళాశాల అక్కరలేదు.

మరుసటి యేడు జూను మొదలుకొని ఆమె పాట ఎత్తుట మానెను. వెనుక వరుసలో గోడవైపు కూర్చుండి, ముగింపు ప్రార్థనకు ముందే వెళ్లిపోవుచుండెను. స్త్రీల సమాజములో ఏదో మాట పట్టింపు వచ్చినదని తలంచి, నేను సమాధానమును గూర్చి ఒక ప్రసంగము కూడ చేసితిని. నవంబరు నెలలో నా భార్య కొంచెము బియ్యము తీసికొని ఆమె యింటికి వెళ్లెను. తిరిగి వచ్చి చెప్పులైనను విడువక మెట్టు మీద కూలబడి, "ఆ యింట్లో అడుగు పెట్టగానే వాసన వస్తోంది. ఇన్నాళ్లూ మనకు ఎలా తెలియలేదండీ?" అని యేడ్చెను. గడ్డ పగిలి పుండయినది. దానిమీద ఆకు పసరు, పసుపు పట్టించి, పాతగుడ్డ బిగించి కట్టుకొనుచుండెనట. భర్తకు మూడు నెలల క్రిందట తెలిసినది. పసరు వేయువానికి ఎనిమిది వేల రూపాయలు ఇచ్చిరి. ఒకే యింటిలోనున్న కోడలికి తెలియదు.

పట్టణములోని ఆసుపత్రికి నేనే వెంటబెట్టుకొని పోతిని. అక్కడి డాక్టరమ్మ చిన్న వయస్సుది, మంచి మాటకారి. "దీన్ని మొదట ఎప్పుడు చూసుకున్నావమ్మా?" అని అడిగెను. మా సహోదరి డాక్టరమ్మకు జవాబు చెప్పక ముందుగా నావైపు చూచెను. పిమ్మట, "ఈ మధ్యనేనండి. ఒక నెలయింది" అనెను.

పదకొండు నెలలని ఆమెకు తెలియును, నాకు తెలియును. నా పరువు కాపాడుటకు ఆమె అబద్ధమాడెను. నేను ప్రక్కనే నిలువబడి దానిని వ్రాసికొననిచ్చితిని.

అప్పటికి వ్యాధి వెన్నెముకకు పాకియుండెను. 2019 ఆగస్టులో ఆమె ప్రభువునందు నిద్రించెను. భూస్థాపన నేనే జరిగించితిని. సమాధి దగ్గర ఎవరో పాట మొదలుపెట్టిరి గాని అది మిక్కిలి క్రింది స్థాయిలో పడి, రెండవ చరణము నాటికి ఎవరికిని గొంతు పెగలలేదు.

చదువరీ, ఆ తరువాత నేను వైద్యులను, నర్సులను అడిగి తెలిసికొన్నవి కొన్ని చెప్పెదను. మొట్టమొదట, నేను ఆమెతో అన్న మాట పూర్తిగా తప్పు. రొమ్ము క్యాన్సరు, అనగా మన పెద్దలు రాచపుండు అని పిలిచిన వ్యాధి, ఆరంభములో సాధారణముగా నొప్పి పుట్టించదు. నొప్పి లేదు కనుక స్త్రీ ఊరకుండును. పని మానదు, ఎవరికిని చెప్పదు. గడ్డ గట్టిగానుండి, నొప్పి లేక, నెల తిరిగినను పోకయున్నయెడల అదే ఆసుపత్రికి పోవలసిన కారణము. గడ్డ ఒక్కటే గురుతు కాదు. రొమ్ము మీది చర్మము లోనికి గుంటపడుట, నారింజ తొక్కవలె గరుకుగా అగుట, చనుమొన కొత్తగా లోనికి పోవుట, దాని చుట్టు మానని పొలుసులు లేచుట, పాలు కాని నీరో నెత్తురో కారుట, చంకలో బిళ్ల కట్టుట, ఒక రొమ్ము ఆకారము మారుట, వీటిలో ఏది కనబడినను చూపించుకొనవలెను.

అయితే దీనిని చదివి ఎవరును బెదరిపోవద్దు. రొమ్ములో కనబడు గడ్డలలో ఎక్కువ భాగము క్యాన్సరు కానేకావు. ఏది అవునో ఏది కాదో చేతితో తడిమి మనము చెప్పలేము, కాపరి అసలే చెప్పలేడు. ఇది అంటువ్యాధి కాదు. బిడ్డకు పాలిచ్చిన తల్లికి రాదని కొందరందురు. పాలిచ్చుట కొంత రక్షణయే గాని పూర్తి రక్షణ కాదు. మా సహోదరి ముగ్గురికి పాలిచ్చినది. తల్లికో అక్కకో వచ్చినయెడల మరింత జాగ్రత్త పడవలెను గాని, ఈ వ్యాధి వచ్చినవారిలో ఎక్కువమంది యిండ్లలో మునుపు ఎవరికిని ఉండదు. పురుషులకు కూడ అరుదుగా వచ్చును, వ్యాధి వచ్చినవారిలో నూటికి ఒకరి వంతున.

2022వ సంవత్సరములో మన దేశమున సుమారు 1 లక్షా 92 వేల మంది స్త్రీలకు ఈ వ్యాధి కొత్తగా కనబడెను, సుమారు 98 వేల మంది దీనివలన మరణించిరి. ధనిక దేశములలో ఈ వ్యాధి కనబడినవారిలో నూటికి 90 మందికి పైగా అయిదేండ్ల తరువాత బ్రతికియుందురనియు, మన దేశములో 66 మంది మాత్రమేననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అక్కడి స్త్రీల శరీరము మన తల్లుల శరీరము కంటె గట్టిది కాదు. మంచి చికిత్స వారికి దగ్గరగా నుండుట ఒక కారణము. గడ్డ చిన్నదిగా నుండగానే వైద్యుని చేరుట మరియొకటి. ఆసుపత్రిని మన ఊరికి దగ్గరగా తెచ్చుట నా చేతిలో లేదు. చేరు దినమును ముందుకు తెచ్చుట మాత్రము కొంతవరకు నా చేతిలోనే ఉండెను.

యంత్రములు లేని పల్లెలో ముందుగా కనిపెట్టుట సాధ్యమా అని నేను ఒక వైద్యుని అడిగితిని. ఆయన బొంబాయిలో జరిగిన ఒక పరిశోధన సంగతి చెప్పెను. టాటా ఆసుపత్రివారు 1998లో మురికివాడలలో దానిని ఆరంభించిరి. 35 మొదలు 64 ఏండ్ల వరకు వయస్సుగల 1,51,538 మంది స్త్రీలను రెండు భాగములు చేసిరి. ఒక భాగములోని స్త్రీలను రెండేండ్లకొకసారి, నాలుగు మారులు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేతితో పరీక్షించిరి. ఆ కార్యకర్తలు డాక్టర్లు కారు; మన నర్సమ్మల వంటి స్త్రీలే. ఇరువది యేండ్లు గమనించి 2021లో ఫలితములు ప్రకటించిరి. పరీక్ష జరిగిన భాగములో వ్యాధి ముదురకముందే బయటపడెను. ఏబది యేండ్లు దాటినవారిలో ఈ వ్యాధివలని మరణములు నూటికి ముప్పది వంతున తగ్గెను. ఏబదికి లోపలివారిలో అట్టి తగ్గుదల స్పష్టముగా కనబడలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పుచున్నాను.

ఎవరికి వారు నెలకొకసారి తడిమి చూచుకొనిన చాలదా అని స్త్రీల సమాజములో అడిగిరి. చైనాలోని షాంఘైలో నేతమిల్లులలో పనిచేయు 2,66,064 మంది స్త్రీలతో 1989లో ఒక పరిశోధన మొదలుపెట్టి, సగము మందికి అట్లు చూచుకొనుట నేర్పిరి. 2002లో లెక్క చూడగా రెండు భాగములలోను మరణములు ఇంచుమించు సమానముగా నుండెను. కనుక అది ఒక్కటే రక్షించునని ఎవరికిని చెప్పరాదు. అయినను తన శరీరము ఎప్పుడు ఎట్లుండునో స్త్రీకి తెలిసియుండుట మంచిదే. మార్పు కనబడినప్పుడు ఆ వారములోనే కాలు బయట పెట్టుట అంతకంటె ముఖ్యము. మామోగ్రామ్ అను ఎక్సురే చేతికందని చిన్న గడ్డను కూడ చూపును. ధనిక దేశములలో నలుబదియో ఏబదియో దాటిన స్త్రీలకు దానిని క్రమముగా తీయుదురు. మన జిల్లా పట్టణములలోను ఆ యంత్రములు కలవు. వైద్యుడు తీయించుకొమ్మనినయెడల వెనుకాడవద్దు.

ముప్పది యేండ్లు దాటిన ప్రతి స్త్రీకిని అయిదేండ్లకొకసారి రొమ్ము పరీక్ష చేయవలెనని మన ప్రభుత్వము 2016లోనే పద్ధతి ఏర్పరచెను. నోటి క్యాన్సరుకు, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరుకు కూడ పరీక్ష కలదు. దీనికి రుసుము లేదు. ఉపకేంద్రములోని నర్సమ్మను గాని ఆశా కార్యకర్తను గాని అడిగినయెడల మార్గము చూపుదురు. కాని 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ముప్పది మొదలు నలుబది తొమ్మిదేండ్ల వరకు గల స్త్రీలలో ఒక్కసారియైనను ఈ పరీక్ష చేయించుకొన్నవారు దేశము మొత్తము మీద నూటికి ఒకరు కూడ లేరని తేలెను. ఈ సంఖ్య చదివినప్పుడు నాకు మా మందిరపు గుమ్మము జ్ఞాపకము వచ్చెను.

ఐడా స్కడ్డరు దొరసాని కథ మన సండే స్కూలు పిల్లలందరికి తెలియును. 1890లలో తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు పురుషులు వచ్చి, ప్రసవవేదనలోనున్న తమ భార్యలను చూడుమని ఆమెను బ్రతిమాలిరి. నేను వైద్యురాలను కాను, నా తండ్రి వైద్యుడు, ఆయనను తీసికొనిపొండని ఆమె చెప్పగా, పరపురుషుడు మా స్త్రీలను చూడరాదని వెళ్లిపోయిరి. తెల్లవారుసరికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆ రాత్రి మూలముగానే రాయవేలూరు ఆసుపత్రి పుట్టెను. నేను ఈ కథను ఎన్నిమారులో చెప్పి, ఆ భర్తల మూఢత్వమును ఎండగట్టితిని. నా ముందరనే ఒక స్త్రీ సిగ్గుతో చచ్చుచుండగా గుర్తింపనివాడను, వారిని ఎండగట్టుటకు నేనెవడను?

ఇంక భయములు. సూది గ్రుచ్చి పరీక్షించినయెడల పుండు ఒళ్లంతా పాకునని ఊళ్లలో గట్టి నమ్మకమున్నది. అది నిజము కాదు. ఆ పరీక్ష లేనిదే ఏ మందు వాడవలెనో వైద్యునికే తెలియదు. రొమ్ము తీసివేయుదురను భయము మరి పెద్దది. అమెరికాలో బెర్నార్డు ఫిషరు అను వైద్యుడు గడ్డను మాత్రము తీసి కరెంటు పెట్టిన స్త్రీలను, రొమ్మంతయు తీసివేసిన స్త్రీలను ఇరువది యేండ్లు గమనించి, ఇద్దరును సమానముగానే బ్రతికిరని 2002లో చూపెను. గడ్డ చిన్నదైనయెడల అనేకులకు రొమ్ము నిలుచును. అనగా రొమ్ము పోవునను భయముతో దాచుకొనువారే దానిని పోగొట్టుకొనుచున్నారు. డబ్బు భయము నిజమైనదే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో అదే పేరుతో నున్నది. ఆంధ్రలో 2024 నుండి ఎన్.టి.ఆర్. వైద్య సేవ అనుచున్నారు. అర్హతగల యిండ్లవారికి శస్త్రచికిత్స, కీమో మందు, కరెంటు ఈ పథకముల క్రిందికి వచ్చును. తోడు వచ్చువారి భోజనము వంటి ఖర్చులు మాత్రము మిగులును. ఆ లోటు సంఘపు కానుకలోనుండి తీర్చవచ్చును. మందిరపు రంగు ఒక యేడు ఆలస్యమైనను గోడలు నిలిచియుండును.

అన్నిటికంటె చెడ్డది, ఇది ఏదో పాపమునకు ఫలమని గుసగుసలాడుట. మా సహోదరి ఎవరికిని చెప్పకపోవుటకు అదియు ఒక కారణమని ఆమె భర్త తరువాత నాతో చెప్పెను. పాట ఎత్తునదానికి ఇటువంటిది వచ్చిందేమిటి అందురని భయపడెనట.

పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడి, ఉన్నదంతయు వైద్యులకు పెట్టి, జనసమూహములో వెనుకనుండి వచ్చి వస్త్రపుచెంగు ముట్టిన స్త్రీని మీరెరుగుదురు. ఆ వాక్యభాగము మీద నేను అనేక ప్రసంగములు చేసితిని, అన్నియు విశ్వాసమును గూర్చియే. ఇప్పుడు చదువునప్పుడు నాకు మరియొకటి కనబడుచున్నది. యాయీరు కుమార్తె ప్రాణముతో కొట్టుకొనుచున్నది, త్రోవలో ఆలస్యము చేయుటకు వీలులేదు. అయినను ప్రభువు ఆగెను. ఆమె ముందుకు వచ్చి జరిగినది తన నోటితో చెప్పువరకు ఆగెను. ఆయన లెక్క పుస్తకము వైపు చూడలేదు. నేల చూడలేదు.

కరోనా గడచిన పిమ్మట, 2022 ఫిబ్రవరిలో, నర్సమ్మ వచ్చి పరీక్ష చేయునని నేను వేదిక మీదనుండి ప్రకటించితిని. "ఎద" అనలేదు, "ఛాతీ" అనలేదు, రొమ్ము అనియే పలికితిని. ఆరాధన కాగానే పెద్దలలో ఒకరు, "దేవుని మందిరంలో ఆ మాటేమిటి అయ్యగారూ? ఆడవాళ్ల సంగతి ఆడవాళ్లు చూసుకుంటారు" అనిరి. "ఆ మాట బైబిలులోనే ఉందండి. మీ చంకలో ఉన్నది అదే గదా" అంటిని. ఆయనకు కోపము వచ్చెను. నేను మరికొంత మెల్లగా చెప్పియుండవలసినది.

సండే స్కూలు గదికి రెండు దుప్పట్లు అడ్డముగా కట్టితిమి. సంఘపు పట్టీలో ముప్పది దాటిన స్త్రీలు అరువది మూడుగురు. వచ్చినవారు ఏడుగురు. మొదట లోపలికి వెళ్లినది నా భార్య. ఆమె చెప్పకయే వెళ్లెను. ఏడుగురిలో నా మీద కోపపడిన పెద్దగారి భార్య కూడ ఉండెను. ఆమెకు ఏబదినాలుగేండ్లు. ఆమె చంకకు దగ్గరగా రేగిపండంత గడ్డ నర్సమ్మ చేతికి తగిలెను. ఆ రాత్రి తొమ్మిది గంటలకు పెద్దగారు నీకొదేము వలె మా యింటికి వచ్చి, టార్చిలైటు ఆర్పి, "ఏ డాక్టరు దగ్గరికి పోవాలండీ?" అని అడిగిరి. నిర్ధారణ 60 దినములకు మించి ఆలస్యము కారాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టెను. వారికి 19 దినములలో తెలిసెను. క్యాన్సరే. గడ్డను మాత్రము తీసిరి. కీమో మందు, పిమ్మట కరెంటు. జుట్టు ఊడిన నెలలలో ఆమె ఆరాధనకు మానక కొంగు కప్పుకొని ముందు వరుసలోనే కూర్చుండెను. ఇప్పుడు జుట్టు తిరిగి వచ్చినది, నరిసినది. అడిగినవారికందరికి కథ చెప్పును. అడుగనివారికి కూడ చెప్పును. రెండవమారు నర్సమ్మ వచ్చినప్పుడు నలుబదియొక్కరు వచ్చిరి. అది నా ప్రకటనవలన కాదు.

మొన్నటి నెలలో ఆరాధన ముగిసిన తరువాత అదే గుమ్మము దగ్గర ఒక చిన్నమ్మాయి నిలిచియుండెను. ముప్పది రెండేండ్లు, చంటిబిడ్డ తల్లి. "అయ్యగారూ, ప్రార్థన చెయ్యాలండి" అని ఆగెను. నేను లెక్క పుస్తకము మూసి ఆమె వైపు చూచి, "ఎక్కడమ్మా? ఎన్నాళ్ల నుండి?" అని అడిగితిని. కుడివైపున, రెండు వారములనుండి అని చెప్పెను. నా భార్యను పిలిచితిని. మరునాడు ఉదయము ఆరు గంటల బస్సుకు ముగ్గురము బయలుదేరితిమి. బిడ్డ నా ఒడిలో నిద్రపోయెను. ప్రార్థన బస్సులో చేసితిమి.